వినపడని టోన్లకు పేర్లు

నలభై దాటాక మా అత్తయ్యకి చెవులు మొరాయించాయి. అప్పటిదాకా కాలేజీలో స్పానిష్ చెప్పేది. మొదట వెనక బెంచీల వాళ్ళ మాట అందడం మానేసింది, తర్వాత ముందు బెంచీల వాళ్ళదీ అంతే. పిల్లలు అడిగేదొకటి, తను చెప్పేదొకటి అవుతుంటే, ఎవరూ పొమ్మనకముందే తనే మానేసింది. చెవి మిషన్ పెట్టుకుంటే కుర్చీ జరిపిన చప్పుడు గుండెల్లో దిగేది కానీ, మనిషి మాట మాత్రం ముద్దముద్దగానే ఉండేది. దాంతో ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. మామయ్య మీసం తీసేసింది అప్పుడే.

"పెళ్ళినాటి మీసం," అని ఆయన అద్దం ముందు కాస్త దిగులుపడ్డాడు.

"పైపెదవి కనిపించకపోతే మీరు తిడుతున్నారో పొగుడుతున్నారో తెలియట్లేదు," అందావిడ.

ఇంట్లో కూర్చునే మనిషి కాదు కాబట్టి ఒక అనువాదాల ఆఫీసులో చేరింది. ఆ రోజుల్లోనే టెలిఫోన్ సంస్థ ఒకటి స్పానిష్ మాట్లాడే దేశం నుంచి ఎక్స్ఛేంజి యంత్రాలు తెప్పించుకుంది. వాటితో వచ్చిన పుస్తకాలన్నీ స్పానిష్‌లోనే ఉన్నాయి. ఇంజనీర్లకి ఇంగ్లీషులో కావాలి. అత్తయ్యకంటే ముందు ఒకాయన ఆ పని మొదలుపెట్టి, సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన చేసింది చూసి అందరూ తలలు పట్టుకున్నారు. స్పానిష్‌లో 'అబొనాదో' అంటే ఫోను కనెక్షన్ తీసుకున్నవాడు. ఎరువు వేసిన నేలనీ అదే మాటతో అంటారు. "ఎరువు వేసినవాడు రిసీవరు ఎత్తగానే" అని రాశాడాయన. 'రెడ్' అంటే వల, ఇక్కడ నెట్‌వర్క్. ఆయన దాన్ని ఎర్ర రంగు చేసేశాడు. పాపం ఇంజనీర్లు లేని ఎర్ర తీగ కోసం పెట్టెలన్నీ వెతికారట.

ఆ పని తనకివ్వమని అత్తయ్య ఆఫీసు హెడ్డుని అడిగింది. ఆయన ఇబ్బందిపడ్డాడు.

"అమ్మా, మీ స్పానిష్‌కి వంకపెట్టేవాళ్ళు లేరు. కానీ ఇది ఫోన్ల పని. పుస్తకం నిండా మోతలు, టోన్లు. మీకేమో..." అంటూ చెవి దాకా వెళ్ళిన చెయ్యి దించేసుకున్నాడు. "బట్టల కేటలాగు ఒకటి వచ్చింది, అది తీసుకోండి."

"ఎరువు వేసినాయనకి రెండు చెవులూ బాగానే ఉన్నాయి కదండీ," అంది అత్తయ్య.

ఆయనకి నవ్వాగలేదు. "సరే, ఒక్క అధ్యాయం చేసి చూపించండి. ఇంజనీర్లు ఊఁ అంటే మిగతాదంతా మీదే."

ఆ అధ్యాయం టోన్ల గురించే. అందులో 'ఓకుపాదో' టోన్ అని ఒకటి, 'కొంహెస్తియోన్' టోన్ అని ఇంకొకటి ఉన్నాయి. ముందాయన రెండింటికీ బిజీ టోన్ అనే రాసేశాడు. అత్తయ్యకి అది మింగుడుపడలేదు. మా అమ్మ ఆసుపత్రి స్విచ్‌బోర్డులో ఆపరేటరు. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి అమ్మని నిలదీసింది.

"రెండూ ఎంగేజే వదినా. కాల్ కలవదు, అంతే," అంది అమ్మ.

"ఒకటే అయితే రెండు పేర్లెందుకు పెడతారు?"

"మా అన్నయ్యని నువ్వు ఎన్ని పేర్లు పెట్టి పిలవట్లేదు?"

"పిలిచే పేరుని బట్టి ఆయన వచ్చే వేగం మారుతుంది," అంది అత్తయ్య. అమ్మ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. ఒక్కోసారి ఎంగేజ్ మోత హడావిడిగా వస్తుందని అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు ఇద్దరూ ఎక్స్ఛేంజికి వెళ్ళారు. టెస్టు బల్ల దగ్గరున్న టెక్నీషియన్ మంచివాడే కానీ, యంత్రంతో మాట్లాడుతున్నట్టు అటు తిరిగి చెబుతున్నాడు. అమ్మ ఆయన భుజం తట్టి ఇటు తిప్పింది. అత్తయ్యని అరచెయ్యి బల్ల మీద ఆనించమని, ఆయన పెన్నుతో చెక్క మీద కొట్టి చూపించాడు. ముందు నింపాదిగా, తర్వాత గబగబా.

"మొదటిది, అవతలాయన ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడని. రెండోది, అసలు కాల్ ఆయన దాకా వెళ్ళలేదని. మధ్యలో లైన్లన్నీ నిండిపోయాయి."

"అంటే ఒకటి మనిషికి ఖాళీ లేక, ఇంకొకటి దారికి ఖాళీ లేక," అంటూ అత్తయ్య తనే బల్ల మీద రెండూ కొట్టి చూపించింది. ఆయన తలూపాడు.

మొదటిది బిజీ టోన్‌గానే ఉంచి, రెండోదానికి కంజెషన్ టోన్ అని పెట్టింది. అయినా కాగితాలు దిద్దుబాట్లతో తిరిగొచ్చాయి. రిసీవరు ఎత్తడాన్ని "కొక్కెం నుంచి దించడం" అని రాసిందట. ఇంజనీర్ల మాటల్లో అది 'ఆఫ్ హుక్'. వాళ్ళ దగ్గరికే వెళ్ళి కూర్చుని, వాళ్ళ మాటలు నేర్చుకుని మళ్ళీ రాసింది. పని ఆవిడకే దక్కింది.

సగం పుస్తకం అయ్యేసరికి, ఒక ఉదయం లేచి చూస్తే కుర్చీ చప్పుడు కూడా లేదు. మిషన్లో కొత్త బ్యాటరీ వేసినా లాభం లేకపోయింది. వినికిడి ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు. అత్తయ్య కొన్నాళ్ళు ఎవరి మొహమూ చూడలేదు. చూస్తే మాట్లాడతారని. ఒకరోజు అమ్మ వెళ్ళి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"మానేస్తావా?"

అత్తయ్య కళ్ళు తుడుచుకుని, "నాకు భయంగా ఉంది," అంది. తర్వాత, "మానేస్తే ఆ భయం తప్ప ఇంట్లో ఇంకేం మిగలదు. బల్ల మీద కాగితాలు ఇటివ్వు," అంది.

పుస్తకం పూర్తయింది. దాన్ని ముందు పెట్టుకునే ఇంజనీర్లు ఎక్స్ఛేంజిని నడిపించారు. మొదలుపెట్టే రోజున ఆవిడనీ పిలిచారు. అమ్మా నేనూ కూడా వెళ్ళాం. పెద్ద ఇంజనీరు ఆవిడ ఎదురుగా, వెలుతురులోకి వచ్చి నిలబడి నెమ్మదిగా చెప్పాడు. "వచ్చే ఏడు రేడియో యంత్రాలు వస్తున్నాయి. ఆ పుస్తకం దీనికంటే లావు. చేస్తారా?"

"బొమ్మలున్నాయా?"

"తక్కువే."

"అయితే యంత్రాల దాకా ఆగకండి, పుస్తకం ముందే పంపించండి," అంది అత్తయ్య. "అందులో ఎన్ని మాటలు అర్థం కావో చూసుకోవాలి."