పైడమ్మత్త దించిన అర మెట్టు

మొన్న సాలూరులో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే వెనకనుంచి లారీ హారన్ మోగింది. పక్కనున్నవాళ్ళంతా తప్పుకున్నారు. నేను మాత్రం "నాలుగు శృతికి పిసరంత కింద" అనుకుంటూ రోడ్డు మధ్యలో ఆగిపోయాను. క్లీనరు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టిన తిట్టు మాత్రం శుద్ధంగా శృతిలో ఉంది. చెవినపడ్డ ప్రతి మోతకీ హార్మోనియం మీద మెట్టు వెతికే ఈ జబ్బు నాకు పుట్టుకతో రాలేదు. పైడమ్మత్త దగ్గర అంటుకుంది. ఆవిడ పోయాక కూడా నయం కాలేదు.

పైడమ్మత్త నాకు చుట్టం కాదు. విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో పాత హార్మోనియంలు బాగుచేసేది. వాళ్ళ నాన్న నాటకాలకి హార్మోనియం వాయించేవాడట. ఆయన వాయించి పాడుచేసిన పెట్టెల్ని బాగుచేస్తూ ఈవిడ పెద్దదయింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ పూర్తిచేసిన నన్ను ఏ ఉద్యోగమూ పిలవకపోవడంతో, ఓ రోజు మా ఊరి భజన పెట్టె పట్టుకుని ఆ కొట్టుకి వెళ్ళాను. పెట్టె బాగుపడి వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను. మా అమ్మ చుట్టాలందరికీ "మా అమ్మాయి మ్యూజిక్ లైన్‌లో ఉన్నాది" అని చెప్పుకునేది. ఆ లైన్‌లో నా మొదటి పని హార్మోనియం గాలితిత్తిలోంచి ఎలుక గూడు తియ్యడం.

అత్తకి ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టె తెచ్చినా, మర ఒక్కటి విప్పకముందే, "పాడు, ఇంటాను" అనేది. వచ్చినవాళ్ళు సిగ్గుపడేవారు, దగ్గేవారు, నీళ్ళడిగేవారు. ఆవిడ కదిలేది కాదు. ఎందుకని అడిగితే, "పెట్టె ఒక్కటే పాతబడదే. దాంతోపాటు పాడే గొంతూ అరుగుతాది. ఏది అరిగినాదో ముందు మనకి తెలవాలి" అంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి అప్పలస్వామిగారు పెట్టె వేసుకుని ఆటోలో వచ్చారు. పద్యనాటకాల్లో రాజు వేషం ఆయనది. ఐదు శృతి అంటే మగగొంతుకి బాగా ఎత్తు. ఆ ఎత్తున నిలబడి రాగం తీసేవారు గనక జనం ఆయన ఇంటిపేరు వదిలేసి "ఐదు శృతి అప్పలస్వామి" అనేవారు.

"పెట్టె ఎక్కిపోయినాది పైడమ్మా," అన్నారు కూర్చుంటూనే. "ఐదు నొక్కితే ఐదున్నర పలుకుతన్నాది. వచ్చే నెల మా ఊరి పండక్కి ఏసం ఎయ్యాలి. అదే నా ఆఖరు ఆట. పెట్టె కుదిరితేనే ఎక్కుతాను. లేకపోతే ఇంక లేదు."

అత్త పాడమంది. పద్యం ఎత్తుగడ రాజులాగే ఉంది. పైకి వెళ్ళేసరికి గొంతు పాత గుడ్డలా చిరిగింది. ఆయన కళ్ళు మూసుకుని, పెట్టెవైపు చెయ్యి చూపించారు, తప్పు దానిదన్నట్టు.

ఆయన వెళ్ళాక కొట్లో ఉన్న మరో పెట్టెతో సరిచూశాం. ఐదు ఐదులాగే ఉంది.

"గొంతులకి సర్వీసింగ్ మన దగ్గర లేదని సెప్పీమంటావా?" అన్నాను.

"సెప్తే ఏసం మానేస్తాడు."

"మరేటి సేద్దాం?"

"రీడ్లు జరుపు."

హార్మోనియంలో ఒక్కో మెట్టు కిందా ఒక్కో ఇత్తడి రీడు ఉంటుంది. ప్రతి రీడునూ కుడిపక్క మెట్టు కిందికి మార్చి బిగిస్తే పెట్టె మొత్తం అర శృతి, మా కొట్టు భాషలో అర మెట్టు, దిగుతుంది. ఐదు నొక్కితే నాలుగున్నర పలుకుతుంది. వేలికీ కంటికీ మాత్రం అది ఐదే. గడియారం వెనక్కి తిప్పి రైలు అందిందని సంబరపడడం లాంటిదని గొణిగాను. అత్త వినిపించుకోలేదు. ఇద్దరం కూర్చుని జరిపాం.

అప్పలస్వామిగారు మళ్ళీ వచ్చారు. ఐదు నొక్కి పద్యం ఎత్తుకున్నారు. ఈసారి రాగం చిరగలేదు. ఎక్కాల్సిన చోటికి ఎక్కి, కాసేపు అక్కడే నిలబడి, నెమ్మదిగా దిగింది. సందులో పళ్ళబండి అబ్బాయి బేరం ఆపి మరీ విన్నాడు. పద్యం అయిపోయినా ఆయన మెట్టు మీంచి వేలు తియ్యలేదు. తిత్తిలో గాలి అయిపోయేదాకా వింటూ ఉండిపోయారు.

"పైడమ్మా, దించీసినావా?"

లేదని చెప్పడానికి నేను నోరు తెరవబోయాను. అత్త నాకంటే ముందే అనేసింది.

"దించినాను మావా. నువ్వు దిగవు కదా. అందుకే పెట్టెని దించినాను."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, దుమ్ములేని పెట్టెని చాలాసేపు తుడిచారు.

"పైకెళ్ళినప్పుడు గుండెల్లో ఒకచోట తగుల్తాది. ఈయాల తగల్లేదు. అక్కడ తెలిసిపోనాది," అన్నారు చివరికి. "మల్లీ ఎక్కించీ. నా తరవాత దీన్ని ఏ సిన్న గుంటడో వాయిస్తాడు. ఆడి సెవికి తప్పు నేర్పకూడదు."

"మరి నీ ఏసం?"

"ఏస్తాను. నాలుగున్నరకి నానే దిగుతాను. దిగినానని జనానికి సెప్పే దిగుతాను." నావైపు తిరిగారు. "ఏటే గుంటా, అలా సూస్తన్నావు?"

"బేనర్ల మీద పేరు మార్పించాలి కదా తాతా. ఇప్పటికే ప్రింటింగ్‌కి ఇచ్చీసుంటారు."

ఆయన నవ్వారు. చెప్పినట్టే పండగనాడు జనానికి చెప్పి మరీ నాలుగున్నరలో పాడారని ఆ ఊరి హార్మోనిస్టు తరవాత కొట్టుకొచ్చి చెప్పాడు.

ఏ లోపమూ లేని పెట్టెని రెండుసార్లు విప్పి బిగించిన ఘనత మా కొట్టుకే దక్కింది. ఆ రోజు రీడ్లు వెనక్కి జరుపుతూ అడిగాను, "దించలేదని అనీస్తే పోయేది కదత్తా?"

"అడగనప్పుడు సెప్పలేదు. అడిగినాడు, సెప్పినాను. అడిగినోడికి అబద్ధం ఆడితే రేపు మనం సేసిన రీడు ఎవుడు నమ్ముతాడే?"

ఆ తరవాతి చలికాలం ఒక మధ్యాహ్నం అత్త పై స్థాయిలో ఆఖరి రీడుని ఆకురాయితో గీస్తోంది. గోరంత రీడు. ఆ పెట్టెలో మెట్టుకి రెండేసి రీడ్లు; ఆ జంట కలవకపోతే మోతలో సన్నటి వణుకు ఉంటుంది. అది ఆగేవరకూ కొంచెం కొంచెంగా గియ్యాలి. ఆవిడ తిత్తి ఊది, చెవి దగ్గరగా వంచి, "కలిసినాది" అంది. వణుకు అలాగే ఉంది. ఇంకోసారి ఊదింది. ఇంకా వంగింది. ఈసారి నన్నడిగింది.

"కలిసినాదా?"

ఆవిడకి ఉన్న ఆస్తల్లా ఆ చెవే. నా దగ్గర ఎప్పటిలాగే రెండు మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ బయటికి తియ్యలేదు.

"లేదత్తా. వణుకుతన్నాది."

"బాగానా?"

"బాగానే."

ఆకురాయి బల్లమీద పెట్టి, చేతులు కొంగుతో తుడుచుకుంది. "అయితే పై స్థాయి నువ్వు సూడు. కిందవి నాకింకా ఇనిపిస్తన్నాయి."

అప్పటినుంచి ఒక్కో పెట్టెకీ ఇద్దరం కూర్చున్నాం. ఏ మెట్టు దగ్గర నా పని ఆగి ఆవిడ పని మొదలవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ చోటు నెలనెలా కిందికి జరుగుతూనే ఉంది. ఓ ఉదయం నేను వెళ్ళేసరికి మంద్రంలోని చిట్టచివరి రీడు కూడా నా వైపు పెట్టి ఉంది. అత్త నాకు వీపు పెట్టి కూర్చుని, తిత్తికి తోలు అతికిస్తోంది.

ఇప్పుడా కొట్టు నేను చూసుకుంటున్నాను. ఎవరు పెట్టె తెచ్చినా ముందు పాడమంటాను. గొంతుదే లోపమైతే, అడిగినవాళ్ళకి అడిగినంత చెబుతాను. శృతి చెయ్యడం పైనుంచి మొదలుపెట్టి కిందికి వస్తాను. మంద్రం దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. లేచి, సందు చివర టీ తాగి, తిరిగొచ్చి ఆవిడ వంతు కూడా పూర్తిచేస్తాను.