గాలి తగలని సీసాతో జిన్నారం నుంచి పటాన్‌చెరుకు

ఉదయం ఏడింటికి సంగారెడ్డిలో బస్సెక్కి, పటాన్‌చెరులో మారి, తొమ్మిదిన్నరకు జిన్నారంలో దిగాను. గోశాలకు అక్కడి నుంచి షేర్ ఆటోలు దొరుకుతాయి. వెళ్లేవారు పచ్చగడ్డి తీసుకెళ్లండి. పులిహోర, బెల్లమన్నం వద్దు. ఆవు కడుపు తట్టుకోదు.

నాది సంగారెడ్డిలో కిరాణా దుకాణం. మా సత్సంగం తరఫున నెలనెలా సేవకు వెళ్తుంటాను. ఈసారి ఇంకో పని కూడా పెట్టుకున్నాను. అక్కడున్న గౌరి అనే ముసలి ఆవు కడుపులో ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని సూక్ష్మజీవి ఒకటి ఉందని, పటాన్‌చెరులోని ఒక ల్యాబులో పనిచేసే సుజాత గారు కనిపెట్టారు. దాన్ని బతికించి చూపిస్తే తప్ప కొత్త జాతి అని ఒప్పుకోరట. పోయినసారి మూత సరిగా బిగియక గాలి తగిలి చచ్చిపోయింది. గౌరి ఇప్పుడు మేత తగ్గించింది. మళ్లీ దొరుకుతుందో లేదో తెలియదు. ఈసారి దాన్ని ల్యాబుకు చేర్చే పని నాది.

పశువుల డాక్టరు మల్లేశం గౌరి నోట్లోంచి గొట్టం దించి కొంచెం రసం తీశాడు. అది ఒకసారి తల విదిలించి ఊరుకుంది. సుజాత గారు పంపిన, రబ్బరు బిరడా బిగించిన సీసాలో లేత పసుపు నీళ్లున్నాయి. బిరడాలోంచి సూది గుచ్చి రసం అందులోకి ఎక్కించాడు.

"సేటూ, జెర పైలం. గులాబి రంగు తిరిగిందంటే గాలి సొచ్చినట్టే, ఇగ ఖతం. నేనే తెద్దును గాని, ఊర్లె ఒక బర్రె ఈనలేక పరేషానైతుంది."

గోశాల వాళ్లు సీసాకు పసుపు గుడ్డ చుట్టి, బొట్టు పెట్టి నా చేతికిచ్చారు.

పన్నెండింటి బస్సు గడ్డపోతారం దగ్గర లారీల వెనక ఆగిపోయింది. పక్క సీటులో దవాఖానకు పోతున్న ఒక అవ్వ బొట్టు చూసి దోసిలి పట్టింది.

"గోశాలకెల్లి తెస్తున్నవా? తీర్థం జెర పొయ్యి, బిడ్డా."

తీర్థం అడిగిన వాళ్లకు లేదనడం నాకు రాదు. చెయ్యి తనంతట తానే బిరడా మీదకు పోయింది. బలవంతంగా వెనక్కి తీసుకున్నాను.

"తీర్థం కాదవ్వా. ఇందుల పానాలున్నయి. మూత తీస్తే గాలికి సస్తయి."

"గాలికి సచ్చుడేంది? గాలే పానం గదా! ఇయ్య మనసొప్పక గిట్ల జెప్తున్నవ్."

ముందు సీటులో ఫ్యాక్టరీ చొక్కా వేసుకున్నాయన, మా దుకాణంలో సరుకులు కొనేవాడే, వెనక్కి తిరిగాడు. "దుకాణపాయన ఊకెనే ఇస్తడా, అవ్వా?"

బస్సంతా నవ్వింది. నా ముఖం వేడెక్కింది. ప్రాణమంటే వాయువనే నేనూ సత్సంగంలో చెబుతూ వచ్చాను. గాలి సోకని చోట కూడా భగవంతుడు ప్రాణం ఉంచాడని ఈమెకెలా చెప్పను?

"అవ్వా, కడుపుల బిడ్డకు బయటి గాలి తగుల్తదా? గట్లనే ఇవి."

అవ్వ సీసాను తాకి చూసింది. "మరి సల్లారనిస్తున్నవేంది? ఇటు తే." కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ముందాయన ఇంకా నవ్వుతుంటే, "నువ్వు ముందటికి సూడు" అని గదమాయించింది. పటాన్‌చెరులో దిగే ముందు సీసాను కళ్లకద్దుకుని నాకిచ్చింది.

ల్యాబులో సుజాత గారు గుడ్డ విప్పారు. నీళ్ల పసుపు రంగు మారలేదు. సూదితో ఒక చుక్క తీసి మైక్రోస్కోపులో చూశారు.

"బతికే ఉన్నాయండీ! మనకు కావలసింది ఇందులో ఉందో లేదో పెంచాక తెలుస్తుంది. అయ్యో, గాలి తగిలి ఈ చుక్కలోవి కదలకుండా ఆగిపోతున్నాయి. మీకు ఇంకో చుక్క తీయనా?"

"వద్దమ్మా. నా సంబురానికి పానాలు పోవద్దు. కండ్లకు కనబడనిదాన్ని నమ్ముడు నాకు అలవాటే."

నాలుగింటికి సంగారెడ్డి బస్సులో నిలబడే చోటు దొరికింది. ఒక ఆవు కడుపులో ఇంత లోకముంటే, దాని లెక్క సృష్టించిన వాడికే తెలియాలి. అవి ఎలా ఉంటాయి? తోక ఉంటుందా? గుండ్రంగా తిరుగుతాయా? ముత్తంగి దాటేసరికి ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"అమ్మా, అవి బాగ పెరిగినంక ఒక్కపారి చూపిస్తరా?"

"చూపిస్తాను. కానీ అప్పుడూ ఆ చుక్కలోవి చచ్చిపోతాయండీ."

మనసులో తిథులు లెక్కపెట్టుకున్నాను.

"అయితే ఏకాదశి నాడు మాత్రం పిలవకుండ్రి."