కుక్క ఆవులిస్తే నిద్ర కాదు

మామ పోయాడని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మిర్యాలగూడ బస్టాండులో సమోసా తింటున్నాను. సగం సమోసా చేతిలో పట్టుకునే సూర్యాపేట దాకా వచ్చాను. గేటు దగ్గర మామ పెంచిన కుక్క టైగర్ దాన్ని వాసన కూడా చూడలేదు. అప్పుడు నమ్మాను.

మామ మోపెడ్ మీద తిరుగుతూ కరెంటు మీటర్లు చూసే మనిషి. పేటలో ఆయన తియ్యని గేటు లేదు, ప్రతి గేటు వెనకా ఒక కుక్క. "ఏమనదు సార్, తోకూపుతున్నది" అని ఓనర్లు లోపలి నుంచే భరోసా ఇచ్చేవారట.

"తోకను నమ్మకురా, మూతి సూడు," అనేవాడు మామ. "నోరు జర తెరిసుంటే నిమ్మళంగున్నట్టు. మూతి బిగవట్టిందంటే ఆడనే ఆగు."

నిద్ర రాకుండా కుక్క ఆవులిస్తే అది భయమట. మనమూ పక్కకు తిరిగి ఆవులిస్తే, నీతో నాకు పేచీ లేదని చెప్పినట్టట. పరాయి గేట్ల ముందు నిలబడి శ్రద్ధగా ఆవులించే మామను చూసి, డిగ్రీ చదివిన నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మామకిష్టమైన కోడికూర ఆకులో వడ్డించి, కాకి ముట్టాలని దూరంగా నిలబడ్డాం. గంటైనా కాకి దిగలేదు. ఆకు పక్కన టైగర్ కూర్చుంది మరి. ముద్ద ముట్టదు, లేవదు.

మామ వాళ్లన్న, మా పెద్దమామకు ఓపిక పోయింది. దాన్ని ఆటోలో మోతె ఊరు దాటించి వదిలేసి రమ్మన్నాడు. అత్తమ్మ తల దించుకుంది. ఆ ఇంట్లో ఇక ఆమెకు తోడు అదొక్కటే. పెద్దమామ మెడపట్టీ కోసం వంగాడు. టైగర్ తోక ఊపింది.

"సూసిన్రా, మంచిగనే ఉన్నది," అన్నాడు.

నేను మూతి చూశాను. బిగుసుకుని ఉంది. కరిచిందంటే ఇక ఆటోను ఎవరూ ఆపలేరు.

"ఆగు పెద్దమామా, దానికి భయమైతున్నది," అని, పక్కకు తిరిగి కింద కూర్చుని ఆవులించాను. నటించే అవసరం రాలేదు. మూడు రోజులుగా నిద్ర లేదు. చావుకాడ ఈ ఆవులింతలేందని ఎవరో గొణిగారు. కాసేపటికి టైగర్ కూడా ఆవులించింది. మెల్లగా లేచి వచ్చి, నా నడుముకు వీపు ఆనించి కూలబడింది. అప్పుడు దిగింది కాకి.

"అచ్చం ఆయన లెక్కనే కూసున్నవ్ రా," అంది అత్తమ్మ. తర్వాత పెద్దమామ వైపు తిరిగింది. "ఇది నాకాడనే ఉంటది బావా."

ఆయన మళ్లీ ఆటో మాట ఎత్తలేదు. మామ ఆవులింతలకు నేను మళ్లీ నవ్వలేదు.

ఇప్పుడు సాయంత్రమైతే టైగర్ గేటు దగ్గరే. వీధి చివర మోపెడ్ చప్పుడు వినపడగానే దాని నోరు కొంచెం తెరుచుకుంటుంది. బండి ఇల్లు దాటి వెళ్లిపోతుంది. నోరు మూసుకుంటుంది.