ఇంపీరియస్ అంటే ఏందో చెప్పిన సారు

మా ఇంగ్లీషు సారు పోయిన వారం బూర్గంపాడు దవాఖానాలో చనిపోయారు. గుండె ఆగిందన్నారు. నాకంటే బాగా చిన్న. నేను ఓనమాలు కూడా సగమే నేర్చిన మనిషిని. అయినా ఆయన గురించి ఈ అడవి పక్క నాకంటే తెలిసినవాడు లేడు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

కల్లూరు వైపు నుంచి బదిలీ మీద మా బడికి వచ్చి, మా ఊళ్లోనే కిరాయికి ఉన్నారు. ఆదివారం చర్చికి, మిగతా సాయంత్రాలు మా అరుగు మీదికి. బజ్జీలు తిన్నాక అవి కట్టిన ఇంగ్లీషు కాగితం పారేసేవారు కాదు. నూనె మరక కింది అక్షరాలు కూడా వెలుగుకు పెట్టి చదివేవారు. ఒకరోజు ఒక మాట దగ్గర ఆగి నవ్వారు. "ఇంపీరియస్."

"ఇంపు రోషమా సారూ? అది నాకున్నదే గదా," అన్నాను.

"నీకు రోషమే ఉన్నది పెద్దాయనా. ఇంపు ఏడున్నది?"

లోపల నుంచి మా ముసల్ది, "గా మాట ఇంకోసారి గట్టిగ చెప్పు సారూ," అంది.

తర్వాత అర్థం చెప్పారు. "అడగడు, హుకుం చేస్తడు. ఎదుటోడు గూడ మనిషేనని యాదికుండదు. గసుంటోన్ని అంటరు."

"పులిని అనొచ్చా?"

"అనొద్దు. దానిది ఆకలి."

మాట అర్థాన్ని ఆయన కొంచెం కూడా వంగనిచ్చేవారు కాదు.

ఆ వానాకాలం అటవీ అధికారి జీపులో మా పోడు చేను మీదికి వచ్చాడు. వాగు అవతల అడవి నరికి మా నాయన చేసిన చేను అది. మొక్కజొన్న పాలు పోసుకుంటోంది. "రేపటికల్లా ఖాళీ చెయ్యాలి. ఎదురు మాట్లాడొద్దు," అన్నాడు. నేను కర్ర పట్టుకుని కదల్లేదు. నా వెంట వచ్చిన సారు ముందుకొచ్చి, "యు ఆర్ వెరీ ఇంపీరియస్, సర్," అన్నారు.

పొగడ్త అనుకుని ఆ అధికారి మీసం దువ్వాడు. "థాంక్యూ మాస్టారూ. సరే, పంట కోసుకోండి," అని పోయాడు. ఊరంతా పడి పడి నవ్వింది. ఆ యేడు మేం తిన్న గింజలు సారు పెట్టినవే.

ఎండాకాలం ఆ అధికారి మళ్లీ వచ్చాడు, వెనక మట్టి తవ్వే మిషనుతో. ఎవరో అర్థం చెప్పినట్టున్నారు. "ఏం మాస్టారూ, నేను పొగరుబోతునా?"

సారు చేను వైపు చూశారు. నా ముఖం చూశారు. చేతులు కట్టుకున్నారు. "లేదు సార్. రాజసం ఉన్నోడని గూడ అర్థమున్నది."

అబద్ధమని నాకు తెలుసు. మా కోసం ఆ మాటను వంచబోయారు. అది వంగలేదు.

"ఏ డిక్షనరీలో ఉంది?" అంటూ అధికారి మిషను వైపు చెయ్యి ఊపాడు. చేను చుట్టూ కందకం తవ్వారు. లోపల జామాయిల్ మొక్కలు పెట్టారు.

ఆ తర్వాత కూడా సారు అరుగు మీదికి వచ్చేవారు. కాగితాలు మాత్రం చదవలేదు. "రాజసమని ఎందుకన్నవ్ సారూ?" అని ఒకసారి అడిగాను.

"ఇంకేం జెయ్యొస్తది పెద్దాయనా? నా కాడ మాటలే గదా ఉన్నయ్."

భూములకు పట్టాలొస్తాయని చెప్పేవాళ్లు ఇప్పుడు ఊరికి వస్తున్నారు. నేను నమ్మను.

ఇక్కడే పాతిపెట్టమని సారు ముందే చెప్పారు. సమాధుల దిబ్బకు దారి ఆ కందకం మీదుగానే. శవపెట్టె మోసుకుంటూ అందులోకి దిగాం. అడుగున వాన బురద. అవతల గట్టు మీద నుంచి జామాయిల్ తోట కావలివాడు కర్ర చూపిస్తూ, "గిటు తొవ్వ లేదు, మర్లిపోండ్రి," అని అరిచాడు. పెట్టె భుజాల మీదే ఉంది. కాళ్లు మోకాళ్ల దాకా దిగబడ్డాయి. పైకి ఎక్కడానికి పట్టు దొరక్క, వెనక్కి తిరగడానికి చోటు లేక, అక్కడే నిలబడ్డాం.