గంగమ్మ ఆవు పాలలో వెన్న శాతం

కుందుర్పికి ఎవరూ సరదాగా వెళ్లరు, నేనూ వెళ్లలేదు. ఎనభైల మొదట్లో అనంతపురంలో పాల పరీక్షల ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ ఊరి పాలు పలచగా వస్తున్నాయని ఫిర్యాదు వస్తే నన్ను పంపారు. తెల్లవారుజామున నాలుగున్నర బస్సెక్కి కళ్యాణదుర్గంలో మారాను. టిక్కెట్లు రెండూ కలిపి ఏడు రూపాయల లోపే. "కుందుర్పికా? ఆడేముండాది సార్, ఎండ తప్ప!" అన్నాడు కండక్టరు. దొంగను పట్టబోతున్నానన్న హుషారులో నవ్వాను.

ఎనిమిదింటికి పాల కేంద్రం దగ్గర ముప్పై మంది దాకా చెంబులతో వరసలో ఉన్నారు. గంగమ్మ అనే ఆమె తెచ్చిన ఆవు పాలను పరీక్షిస్తే వెన్న రెండు శాతం కూడా రాలేదు. మామూలుగా మూడున్నర, నాలుగు ఉండాలి. నీళ్లు కలిపితే పట్టిచ్చే లాక్టోమీటరు నా సంచిలోనే ఉంది. తీయలేదు. "నీళ్లు పోసి తెచ్చావు, నీ పాలు ఇక వద్దు" అని అందరూ వినేలా అనేశాను.

"నీళ్లా? తాగేదానికే కోసెడు దూరం పోతాండామప్పా, పాలల్లో పోసేదానికి యాడివి? సాయంత్రం పితికేటప్పుడు వచ్చి నీ కండ్లతో చూడు" అందామె. వరసలో ఎవరో నవ్వారు.

నాలుగింటికి వాళ్లింటికి వెళ్లాను. ఆమె సగం పాలు పితికి దూడను వదిలేసింది. మిగిలినవి పితకవా అని అడిగాను. "అవి దూడవి. ఈ కరువులో మాకు గంజన్నా ఉండాది, దానికేముండాది? మా అత్త కాలం నుంచీ ఇంతే." పొదుగులో మొదట వచ్చే పాలు పలచన, చివరివే చిక్కన అని చదివి పరీక్ష పాసైనవాణ్ణి నేను! అప్పుడు తీశాను లాక్టోమీటరు. ఆమె చెంబులో చుక్క నీరు లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయిపోయిందక్కా" అన్నాను.

"పొద్దున అంతమంది ముందర అంటివి. ఇప్పుడు ఆవు ముందర చెప్తే ఎట్లప్పా? రేపు పొద్దున ఆడికొచ్చి చెప్పు."

ఐదున్నరకు చివరి బస్సు. ఎక్కేశాను.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆమె పాలు మళ్లీ తీసుకోమని కాగితం రాసి పంపాను, తీసుకున్నారు. కానీ ఆ కాగితాన్ని వరసలో నిలబడ్డవాళ్లెవరూ చదివి ఉండరు. ఆఫీసులో పనుందని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ ముప్పై మంది ముఖాలు చూసే ధైర్యం లేక పారిపోయాను.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చివరి బస్సు పెట్టుకుని వెళ్లకండి, ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. పాల కేంద్రం పొద్దున ఆరింటికే తెరుస్తారు, ఊరంతా అక్కడే ఉంటుంది.