శివగంగ టీచర్ వేసిన హాజరు

నారాయణఖేడ్‌లో పొద్దున్నే మనూర్ వైపు వెళ్లే షేరింగ్ ఆటోలో, సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుని వెళ్లే ఒకావిడ ఉంది. ఆవిడే శివగంగ టీచర్. పన్నెండేళ్లుగా ఒకటే పల్లె, ఒకటే బడి. ఒకటి నుంచి ఐదు దాకా క్లాసులన్నీ ఒకే గదిలో. పాఠం చెప్పేదీ ఆవిడే, గంట కొట్టేదీ ఆవిడే, ముక్కులు తుడిచేదీ ఆవిడే. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కోపం వస్తే మాత్రం రెండూ కలిపి తిడుతుంది. ఆ తిట్లంటే పిల్లలకు మహా సరదా.

బడి రిజిస్టర్‌లో పంతొమ్మిది మంది పిల్లలు. దసరా దాటగానే ఊళ్లోకి కూలీల మేస్త్రీ లారీ వస్తుంది, చెరుకు నరికే వాళ్లను ఎక్కించుకుపోవడానికి. చెరుకు పని మొగుడూ పెళ్లాం జోడీగా చేసేది. ఆయన నరికితే ఆమె కట్ట కడుతుంది. మరి చంటిపిల్లను ఎవరు చూడాలి? బడికెళ్లే అక్క చూడాలి. అలా ఏటా ఎనిమిది మంది పిల్లలు లారీ ఎక్కుతారు, ఉగాదికి గానీ తిరిగి రారు.

ఆ నెలలన్నీ శివగంగ వాళ్లకు కూడా హాజరు వేసేది. తప్పే, కాదని ఆవిడా అనదు. పిల్లలు తగ్గితే బడిని వాగు అవతలి ఊరి బడిలో కలిపేస్తారని ఆవిడ భయం. కలిపితే వాగు దాటి చదువుకునే వాళ్లు ఒక్కరూ ఉండరని ఆవిడకు తెలుసు. మొదటి ఏడు ఒక్కో పేరు దగ్గరా ఆగి ఆగి వేసింది. తర్వాత ఆగడం మానేసింది. పోయినేడు మరీ విడ్డూరం. చెరుకు తోటలో చెల్లెల్ని ఎత్తుకుని తిరిగిన శృతి అనే పిల్లకు, ఒక్కరోజూ బడి మానలేదని మండలం మొత్తం మీద మెచ్చుకుని స్టీలు డబ్బా బహుమతి ఇచ్చారు. చప్పట్లు కొట్టిన వాళ్లలో శివగంగ కూడా ఉంది.

ఈ ఏడు శృతి ఐదో క్లాసుకు వచ్చింది. లారీ రావడానికి ఇంకా పక్షం రోజులున్నాయనగా శృతి తల్లి సాలమ్మ బడికి వచ్చింది.

"టీచరమ్మా, ఈసారి పిల్లను తోల్కపోను. సిర్గాపూర్ దిక్కు ఏదో ఊర్ల హాస్టల్ పెట్టిండ్రట గద. చెరుకుకు పోయినోళ్ల పిల్లలను ఆడనే ఉంచుకొని, తిండి పెట్టి బడికి పంపుతరట. మనకు గూడ పెట్టియ్యరాదు?"

"మరి చిన్నదాన్ని ఎవరు చూస్తరు?"

"మా అత్త మాతోని వస్తనంటుంది. గీ పిల్లకు చదువు మంచిగ వస్తుంది టీచరమ్మా. దీన్ని గూడ నా లెక్క చదువు లేనిదాన్ని చేయకు."

శివగంగకు పట్టరాని సంతోషం వేసింది. ఆ రోజే దరఖాస్తు రాసి మండల ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, కాగితాలు తిరగేశాడు.

"మేడం, హాస్టల్ ఇచ్చేది పిల్లలు వలస పోయే ఊరికి. మీ ఊర్ల పోయినేడు పోయినోళ్లు ఎంతమంది? ఒక్కరు గూడ లేరు. ఎండాకాలం దాకా అందరూ బడిలనే ఉన్నరు. మీకు హాస్టల్ ఎందుకు మేడం?"

ఆయన ఎకసెక్కం ఆడటం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. ఆవిడ చేతివ్రాతే ఆవిడ నోరు నొక్కేసింది.

బయటికి వచ్చాక, అసలు సంగతి తెలిసిన క్లర్కు శ్రీకాంత్ గొంతు తగ్గించి అన్నాడు. "నిజం రాసిస్తే హాస్టల్ వస్తదేమో గని, మీ నౌకరీ పోతది, బడి గూడ మూతపడుతది. మిగిలిన పదకొండు మంది ఏడ చదువుతరు? ఆలోచన చెయ్యుండ్రి మేడం."

ఆలోచన చేయడానికి ఏముంది? రాస్తే పదకొండు మంది నష్టపోతారు, రాయకపోతే ఎనిమిది మంది. పది రోజులు కక్కలేక మింగలేక తిరిగింది. చివరికి సాలమ్మ ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"తప్పు నాదే సాలమ్మా. శృతిని నా ఇంట్ల ఉంచుకుంట. నా పిల్లలతోనే తింటది, ఉంటది."

సాలమ్మ తల అడ్డంగా ఊపింది. "పది మంది పిల్లలతోని హాస్టల్ల అయితే ఉంటది గని, ఒక్కతి పరాయి ఇంట్ల ఎట్లుంటది? అది ఏడుస్తది, ఆడ నేను ఏడుస్త," అంది. తర్వాత శివగంగ చెయ్యి పట్టుకుంది. "పరేషాన్ గాకు. మా కోసమే గద రాసినవ్."

తిట్టినా బాగుండేది. శివగంగకు తిరుగు ఆటోలో దారి పొడవునా ఏడుపు ఆగలేదు.

లారీ వెళ్లిన మర్నాడు ఆవిడ ఒక నిర్ణయంతో బడికి వచ్చింది. ఈ ఏడు అబద్ధం రాయదు. ఎనిమిది మందికీ గైర్హాజరు వేస్తుంది. బడి ఏమైనా కానీ, తనకేమైనా కానీ, కనీసం వచ్చే ఏటికైనా హాస్టల్ వస్తుంది. గదిలో పదకొండు మంది కూర్చున్నారు. పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

"శృతి," అని పిలిచి, కలం కాగితానికి ఆనించి ఒక క్షణం ఆగింది.

"ఉన్న టీచర్!"

తల ఎత్తింది. రెండో క్లాసు సుప్రీత లేచి నిలబడి ఉంది.

"నువ్వెందుకు పలికినవే?"

"సాలమ్మత్త చెప్పింది టీచర్. నేను శృతక్కది పలకాలె. దత్తుకేమో శంభులింగది ఇచ్చిండ్రు. మిగిలిన పేర్లు గూడ తలా ఒకటి పంచిండ్రు." పిల్ల ముఖం అప్పగించిన పని చేస్తున్న గర్వంతో వెలిగిపోతోంది. "మేం తిరిగొచ్చేదాక బడి ఉండాలె, టీచరమ్మకు ఏం గావద్దు అని చెప్పిండ్రు."

"అయ్యో శివనే," అంది శివగంగ, తన ఇంటి కన్నడంలో.

లారీ ఎక్కేముందు ఆ తల్లులు ఇల్లిల్లూ తిరిగి చేసిన పని ఇది. పిల్లలంతా ఆవిడ వైపే చూస్తున్నారు, సరిగ్గా పలికామా లేదా అని. గైర్హాజరు వేయడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. శృతి పేరు ముందు హాజరు వేసింది. వచ్చే ఏడు కూడా హాస్టల్ రాదని తెలిసే వేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, లారీ ఎక్కిన మిగతా ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే పిలిచింది. అన్నిటికీ ఎవరో ఒకరు పలికారు.