అడ్డం వచ్చిన సుర్మా

జోహరా బీ పరుపులు కుట్టే ముసలమ్మ అని కోరుట్లలో సగం ఊరికి తెలుసు. ఆమె నోరు మంచిది కాదని మిగతా సగానికీ తెలుసు. ఆమె ఇంటికీ నా గదికీ మధ్య ఒకటే గోడ. నేను ఇవతల బీడీలు చుట్టుకుంటుంటే అవతల ఆమె ఎవరినో తిడుతూ ఉండేది. ఆ తిట్లు వినబడని రోజు నాకు పని సాగేది కాదు.

ఆమె భర్త జానీమియా దూది ఏకేవాడు. ఆయన పోయాక దూది గది, సూది, ఎలుకలు ఆమెకు మిగిలాయి. ఎలుకల కోసం ఒక పిల్లిని పెంచింది. అంతే, ఊరు ఆమెను పట్టుకుంది. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమిచ్చినా పాపం పోదంటారు. అందుకని ఎవరూ చంపరు. సంచిలో కుక్కి మూతి కట్టి, తెల్లవారకముందే జోహరా బీ గోడ పక్కన పడేసి పోతారు. ఎవడైనా దొరికితే వాడి పని అయిపోయినట్టే.

"పాపం అంటకుండ నా మీద పారేస్తవా? పిల్లిని ఇడిసిపెడ్తే పోయిందనుకున్నవా పాపం? ఇంటిదాక ఎంబడి అస్తది!"

ఇచ్చేటప్పుడు ఇంకో తంతు. పిల్లి కావాలని ఎవరైనా వస్తే, పిల్ల సంబంధం చూసినట్టు ముందు వాళ్లింటికి పోయేది. వంటింట్లో కూర్చునేది. పాలగిన్నె మీద మూత ఉందో లేదో చూసేది. "మూత పెట్టుడు శాతగాక పిల్లిని కొట్టేటోళ్లకు నా పిల్లిని ఇయ్య" అని లేచి వచ్చేసేది. ఆమె పరీక్షలో గెలిచిన ఇళ్లు తక్కువ.

అట్లా గెలిచిన ఇల్లు జలపతిది. ఆయన నా గది యజమాని, పక్కనే ఆయన ఇల్లు, విత్తనాల దుకాణం ఉంది, బస్తాల నిండా ఎలుకలు. కాటుక దిద్దినట్టు కళ్ల చుట్టూ నల్లగీతలున్న ఆడపిల్లిని ఆయనకు ఇచ్చింది. దాని పేరు సుర్మా. వచ్చిన కొద్దిరోజుల్లోనే దుకాణంలో ఎలుక అలికిడి లేకుండా చేసింది. జలపతి తల్లి మొగిలవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని పెరుగన్నం తినిపించేది.

తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. జలపతి మెడలో కండువా వేసుకుని మా వాడకు నాయకుడయ్యాడు. హైదరాబాద్‌లో పెద్ద ర్యాలీకి బయల్దేరిన పొద్దున సుర్మా ఆయన ముందు నుంచి నడిచింది. పిల్లికి ఉన్నవి నాలుగు కాళ్లు, అది నడవక ఏం చేస్తుంది? జగిత్యాల దగ్గర పోలీసులు ఆయన బండిని ఆపి సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఆ రోజు పోలీసులు ఆపని బండి లేదు. అన్నిటికీ మా సుర్మాయే అడ్డం పోయిందా? ఈ మాట ఆయనకు చెప్పేదెవరు! మర్నాడే దాన్ని విత్తనాల సంచిలో కట్టి తెచ్చి జోహరా బీ గడపలో పెట్టాడు.

"అడ్డమస్తుంది. నాకద్దు" అన్నాడు.

"తెలంగాణ ఇయ్యంది ఢిల్లోళ్లు. నీకు దొరికింది నా పిల్లి. వా రే నాయకుడా!" అంది జోహరా బీ.

ఆమె మాటకు వాడంతా నవ్వింది గాని, ఆయన మాటనే నమ్మింది. అప్పటినుంచి సుర్మా కనబడితే ఉమ్మేవాళ్లు, రాయి విసిరేవాళ్లు.

సకల జనుల సమ్మె మొదలయ్యేసరికి జోహరా బీ కళ్లకు పొరలు కమ్మాయి. సూదిలో దారం ఎక్కడం లేదు. సిరిసిల్లలో ఉన్న బిడ్డ ఫౌజియా వచ్చి తీసుకుపోతానంది. కాని ఫౌజియా కొడుకు ఆదిల్‌కు ఆయాసం, పిల్లి బొచ్చు అస్సలు పడదు. ఆ మాట విని జోహరా బీ ఎవరినీ తిట్టలేదు. నాకు భయమేసింది.

మిగతా పిల్లులను మేడిపల్లి రైతులు, తెలిసినవాళ్లు తీసుకుపోయారు. సుర్మా మిగిలింది. ఈసారి ఆమె ఎవరి పాలగిన్నెలూ చూడలేదు. పిల్లిని చంకన పెట్టుకుని తానే ఇంటింటికీ తిరిగింది. ఒకామె కోడలు నీళ్లు పోసుకుందని తలుపేసుకుంది. ఒకాయన కొడుక్కి పరీక్షలున్నాయన్నాడు. నిరుడు ఆమె చేత పరుపు కుట్టించుకున్న మల్లవ్వ, గేటు కూడా తీయకుండా లోపలినుంచే పొమ్మంది. జలపతి పెద్దమనసు చేసుకున్నాడు.

"సంచిల కట్టియ్యి. మేడిపల్లి అవతల ఇడిసిపెట్టిపిస్త."

"నిన్ను గట్ల ఇడిసిపెడ్తే తెలుస్తది" అని వచ్చేసింది.

అందరి గడపా తొక్కింది గాని, గోడ పక్కనే ఉన్న నన్ను అడగలేదు. నాకు కడుపు మండింది. పోయి అడిగాను.

"ఏం జోహరమ్మా, నా చెయ్యి మంచిది కాదనా?"

ఆమె పిల్లి వీపు నిమిరింది. "నీకిప్పటికే ఓ పేరు వెట్టిర్రు కదనే బిడ్డా. దీని పేరు గూడ ఎందుకు మోస్తవు? గది గూడ జలపతిదే."

నా భర్త గంగారాం సిరిసిల్ల మగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. కామెర్లతో పోయాడు. అప్పటినుంచి జలపతి ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా మొగిలవ్వ నా తలుపు తట్టేది. "లీలా, జర లోపల్నే ఉండు, కొడుకు ఎల్తుండు." ముండమోపి ఎదురొస్తే పని చెడుతుందట. రాస్తారోకోలో లాఠీకి ఎదురు నిలబడి వీపు మీద దెబ్బ తిన్నది నేను. అప్పుడు జలపతి నా వెనకే ఉన్నాడు. అప్పుడు పనికొచ్చిన ఎదురు ఆయన గడప దగ్గర పనికిరాదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపం వచ్చింది.

"దాన్ని నాకియ్యి" అన్నాను.

మర్నాడు బస్టాండు ముందు వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకు తిని, బండ్లు ఆపాలని పిలుపు. ఊరేగింపు జలపతి ఇంటి నుంచి బయల్దేరాలి. డప్పులు వచ్చాయి, బియ్యం గిన్నెలతో ఆడవాళ్లు వచ్చారు. జలపతికి ఎదురు రావడానికి మల్లవ్వ నిండు బిందెతో నిలబడింది. బస్సులు లేవు గనుక ఫౌజియా ఆటో మాట్లాడుకుని వచ్చింది. జోహరా బీ మూటతో అందులో కూర్చుంది.

మొగిలవ్వ నా తలుపు తట్టింది. నేను సుర్మాను ఎత్తుకుని బయటికి వచ్చి సరిగ్గా గేటు ముందు నిలబడ్డాను.

జలపతి అడుగు బయట పెట్టి మమ్మల్ని చూశాడు. వెనక్కి పోయాడు. అపశకునమైతే ఇంట్లోకి పోయి కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి కదా. కూర్చున్నాడు, తాగాడు, వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మళ్లీ పోయాడు.

"గిదేందే, పొద్దుగాల పొద్దుగాల!" అని మొగిలవ్వ నెత్తి కొట్టుకుంది.

"నేను గూడ ఊరేగింపుకే అచ్చిన పెద్దవ్వా. నన్నెందుకు దాస్తవు?"

ఆయన మళ్లీ వచ్చి, మళ్లీ లోపలికి పోయేసరికి డప్పులవాళ్లకు విసుగొచ్చింది. నాతో బీడీలు చుట్టే ఒకామె అరిచింది. "లాఠీకి భయపడనన్నోడు పిల్లికి భయపడుతుండు! ఆయన నీళ్లు తాగుడు అయ్యేటాళ్లకు మన బువ్వ ఉడుకుతది. పాండ్రి!"

నవ్వుకుంటూ డప్పులు కదిలాయి. బియ్యం గిన్నెలు కదిలాయి. మల్లవ్వ కూడా కాసేపు అటూ ఇటూ చూసి, బిందెతోనే వాళ్ల వెనక పోయింది. జలపతి పరుగెత్తుకొచ్చేసరికి వాకిట్లో నేనూ సుర్మా మిగిలాం.

"ఇయ్యాల్నే గది ఖాళీ చెయ్యి! పిల్లితోటి పాటు ఏడికన్న పో!"

పౌరుషంతో వచ్చాను గాని, ఆ తర్వాత సంగతి ఆలోచించలేదు. ఎక్కడికి పోను? అప్పుడు ఆటోలోంచి జోహరా బీ తడుముకుంటూ దిగింది. ఆయన పుట్టినప్పటి నుంచీ ఆ పూట దాకా ఏమీ మిగలకుండా తిట్టింది. తిట్టి, నడుముకున్న తాళంచెవి ఊడదీసింది.

"ఇల్లు నీకిస్తలేనే లీలా. పిల్లికిస్తున్న. నువ్వు దానికి కిరాయికుండు" అంది. నా చేతిలో తాళంచెవి పెట్టింది. సుర్మా తల మీద ముఖం ఆనించి కాసేపు ఉండి, ఆటో ఎక్కి పోయింది.

అప్పటినుంచి ఆ ఇంట్లోనే ఉంటున్నాం. జలపతి గేటు దాటి ఎటు పోవాలన్నా మా అరుగు ముందు నుంచే పోవాలి. పొద్దున్నే నేను బీడీలకు తునికాకు కత్తిరిస్తూ కూర్చుంటాను, సుర్మా పక్కన పడుకుంటుంది. ఆయన తన ఇంటి వెనక గోడకు తలుపు పెట్టించుకున్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. జలపతి ఇస్త్రీ బట్టలు ఎత్తి పట్టుకుని వెనక మురికి మోరీ దాటుతున్నాడు. నేను సుర్మాను చంకన పెట్టుకుని ముందు తలుపు నుంచే పోయాను.